టేక్ ఆఫ్: చెప్పులు విప్పడం నుంచి ఉడాయించడం దాకా

పోటీ పరీక్షల గైడ్ల చివర్లో ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ వెనక చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చేవి) పట్టీ ఒకటి ఉంటుంది, ఎడమ పక్కన 'టేక్ ఆఫ్', దానికెదురుగా కామాలు పెట్టి 'రిమూవ్, డిపార్ట్, డిడక్ట్, మిమిక్' అని నాలుగు మాటలు. పిల్లలు దాన్ని ఎక్కాల్లా వల్లె వేస్తారు. తమాషా ఏంటంటే ఆ నాలుగింటిలో ఏ రెండింటికీ ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. విమానాన్ని ఎవరూ రిమూవ్ చేయరు, చెప్పులు డిపార్ట్ కావు. గుడి ముందు విప్పిన కొత్త చెప్పులు మాత్రం అప్పుడప్పుడు డిపార్ట్ అవుతుంటాయి, అది వేరే సంగతి.

నేను కర్నూల్లో సాయంత్రం పూట బ్యాంకు, ఎస్సెస్సీ (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్), గ్రూప్స్ రాసేవాళ్ళకు ఇంగ్లీష్ చెబుతాను. ఆదోని, కోడుమూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ రూములు తీసుకుని చదువుకునే పిల్లలే ఎక్కువ. "మేడం, టేక్ ఆఫ్ అంటే అర్థం ఏంది?" అని అడుగుతారు. "దేన్ని?" అని నేను తిరిగి అడుగుతా. వాళ్ళకు మండుతుంది. కానీ నిజంగా అదే జవాబు. తీసేది దేన్నో, లేచేది ఎవరో తెలియకుండా టేక్ ఆఫ్‌కు అర్థం చెప్పమంటే ఎవరూ చెప్పలేరు, చెప్పిన గైడు అబద్ధం చెప్పినట్టే.

ఇదేదో ఇంగ్లీషోళ్ళు మన మీద కక్ష కట్టి పెట్టిన తంటా అనుకుంటారు చాలామంది. మన 'తీయి' అన్న మాట ఒక్కసారి చూడండి. తలుపు తీస్తాం, ఫోటో తీస్తాం, సినిమా తీస్తాం, కునుకు తీస్తాం, రాగం తీస్తాం, దిష్టి తీస్తాం, గుంజీళ్ళు తీస్తాం, పాపిడి తీస్తాం, నలుగురిలో పరువు తీస్తాం, కె.సి. కెనాల్లో పూడిక తీస్తాం. దీనికి ఏ గైడులోనైనా సమానార్థకాలు అచ్చేస్తే తలుపు దగ్గరి మాట తెచ్చి పరువుకు తగిలించినట్టు ఉంటుంది. అంతటితో ఆగామా? దాని వెనక ఇంకో చిన్న క్రియ తగిలించి ఊరుకుంటాం, అర్థం ఎక్కడికో పోతుంది. తీసుకో అంటే నీ దగ్గర పెట్టుకో, తీసెయ్ అంటే అక్కడ లేకుండా చెయ్, తీసిపెట్టు అంటే నాకోసం పక్కన ఉంచు, తీసిపారెయ్ అంటే లెక్క చేయకు, ఎవరికీ తీసిపోడు అంటే ఎవరికన్నా తక్కువ కాడు. నానాటికి తీసికట్టు నాగంభొట్లు దాకా వెళ్తే ఇక తీయడమే మిగలదు. ఇవన్నీ మనకు ఎవరూ బల్ల మీద రాసి నేర్పలేదు. ఇంగ్లీష్ వాళ్ళకు టేక్ ఆఫ్, టేక్ ఆన్, టేక్ అప్, టేక్ ఇన్ కూడా అచ్చం ఇట్లాగే వచ్చి ఉంటాయి, వాళ్ళు కూడా పట్టీ చదవలేదు.

ఆ తంటా బయటివాళ్ళకే అని వాళ్ళ పెద్దాయన శామ్యూల్ జాన్సన్ ఎప్పుడో ఒప్పుకున్నాడు. 1755లో వచ్చిన తన నిఘంటువు ముందుమాటలో, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే పద్ధతి మా భాషలో మిగతా భాషలకన్నా ఎక్కువేమో, విదేశీయులకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే అని రాసి, కొన్ని ఉదాహరణలు ఇచ్చాడు. అందులో టేక్ ఆఫ్ కూడా ఉంది. దానికి ఆయన ఇచ్చిన అర్థం విమానమూ కాదు, బట్టలు విప్పడమూ కాదు, 'కాపీ చేయడం'. ఒకరిని అనుకరించడం అన్నమాట. గైడు పట్టీలో చివరి నాలుగో మాటగా ఉన్న మిమిక్ ఇదే. 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు మాత్రం చాలా తర్వాతిది, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. పేరు లేనప్పుడు కూడా ఆ కష్టం ఉంది.

అటు నుంచి ఇటు, అంటే ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చినాయన మన పక్క ఊళ్ళోనే ఉన్నాడు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు వెంట పడ్డాడు, 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీష్ నిఘంటువు అచ్చయింది. కడప ఎర్రముక్కపల్లిలో ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 'తీయు' అన్న మాట దగ్గర ఆయన పక్కన కూర్చున్న పండితులను ఎంత సతాయించి ఉంటాడో అని నాకు నవ్వొస్తుంది. కునుకు తీయడమంటే దాన్ని ఎక్కణ్ణుంచి తీస్తారు అని అడిగే ఉంటాడు.

సరే, టేక్ ఆఫ్ దగ్గరికొద్దాం. అన్నిటికన్నా పాతది, తేలికైనది ఒంటి మీదది తీయడం. చొక్కా, చెప్పులు, హెల్మెట్, వాచీ, కళ్ళజోడు, ఉంగరం. తెలుగులో వీటికి వేరువేరు క్రియలున్నాయి, చొక్కా విప్పుతాం, ఉంగరం తీస్తాం, ఇంగ్లీషులో అన్నిటికీ ఒకటే. దీనికి రిమూవ్ సమానార్థకమే, కాదనను. కానీ రిమూవ్ బోర్డు మీద రాసే మాట. గుడి ముందు, ఐసీయూ ముందు, కంప్యూటర్ ల్యాబ్ ముందు 'ప్లీజ్ రిమూవ్ యువర్ ఫుట్‌వేర్' అని ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టానికి మాత్రం ఆ మాట చెప్పరు, 'టేక్ యువర్ షూస్ ఆఫ్' అంటారు. మన పిల్లలు ఇంగ్లీష్ పుస్తకాల్లోంచీ బోర్డుల మీంచీ నేర్చుకోవడం వల్ల నోటి నుంచి ముందు రిమూవ్ వస్తుంది, 'ఐ రిమూవ్డ్ మై షర్ట్' అంటారు. తప్పు కాదు గానీ పంచనామా రాసినట్టు ఉంటుంది. దీనికి వ్యతిరేకం 'పుట్ ఆన్', ఇది మాత్రం పరీక్షల్లో తరచూ అడుగుతారు.

ఇందులోనే ఒక కొమ్మ ఉంది, జాబితాలోంచి తీసేయడం. రేషన్ కార్డులో పేరు తీసేశారు, ఓటర్ల జాబితాలో పేరు తీసేశారు అంటాం కదా, 'దే టుక్ మై నేమ్ ఆఫ్ ది లిస్ట్'. ఆఫీసు కాగితం మీద అయితే 'డిలీటెడ్' అని వస్తుంది. డాక్టరు మాత్రలు ఆపించినా 'టుక్ హర్ ఆఫ్ ది టాబ్లెట్స్' అనే అంటారు. ఇక్కడ తీసింది మాత్రలను కాదు, మనిషిని మాత్రల నుంచి. మన క్లాసులో అందరూ తల గోక్కునేది ఇక్కడే. లైటు తీసెయ్ అన్నదాన్ని మాత్రం టేక్ ఆఫ్ అనకండి, అది 'టర్న్ ఆఫ్', లేదా 'స్విచ్ ఆఫ్'.

తర్వాత తగ్గించడం. పాత బస్టాండు దగ్గర బట్టల కొట్లో బేరమాడుతూ "అన్నా, ఇంకో వంద తీసెయ్" అంటాం చూశారా, అది ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి పోతుంది, 'టేక్ ఎ హండ్రెడ్ ఆఫ్'. ఇట్లా అచ్చుగుద్దినట్టు సరిపోయేవి తక్కువ, కాబట్టి దీన్ని చూసి ఆనందించాలి. డిడక్ట్ దీనికి పెద్దమనిషి రూపం. జీతంలో పీఎఫ్ కోస్తే డిడక్ట్, బ్యాంకు పరీక్షల్లో తప్పు జవాబుకు పావు వంతు మార్కు కోస్తే కూడా డిడక్ట్, కొట్టువాడు మొహమాటానికి తగ్గిస్తే టేక్ ఆఫ్, లేదంటే 'నాక్ ఆఫ్'.

సెలవు పెట్టడం కూడా ఇదే, కానీ మాటల వరస చూసుకోవాలి. 'ఐ టుక్ మండే ఆఫ్' అంటే సోమవారం సెలవు పెట్టా. మనవాళ్ళు 'ఐ టుక్ ఆఫ్ టుడే' అంటారు, వినేవాడు ఈయన ఇవాళ ఎక్కడికో ఎగిరిపోయాడు కాబోలు అనుకునే ప్రమాదం ఉంది. రోజును మధ్యలో ఇరికించండి, గొడవ వదిలిపోతుంది.

విమానం. ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది, 28 నుంచి విమానాలు ఎగరడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా టేకాఫ్ అంటే మా వాళ్ళకు సినిమాలో కనిపించేది, హైదరాబాదు పోతే వినిపించేది. ఇప్పుడు నంద్యాల రోడ్డు మీద బండి ఆపి చూడొచ్చు. పేపర్లో కూడా 'టేకాఫ్ అయింది' అనే రాస్తారు, అది ఇక తెలుగు మాటే. డిపార్ట్ దీనికి సమానార్థకం అని గైడు చెబుతుంది గానీ రెండింటి మధ్య కొన్ని నిమిషాలు తేడా ఉంది, వినండి. టికెట్టు మీద ఉండే డిపార్చర్ టైము విమానం నిలిపిన చోటు నుంచి కదిలే సమయం. అక్కణ్ణుంచి అది రన్‌వే దాకా నెమ్మదిగా పోయి, తన వంతు వచ్చాక పరుగెత్తి, చక్రాలు నేల వదిలినప్పుడు టేకాఫ్. బెంగళూరులో రద్దీ వేళ ఎక్కినవాళ్ళకు ఆ తేడా బాగా తెలుసు, డిపార్ట్ అయి చాలాసేపైనా కిటికీలోంచి గడ్డే కనిపిస్తూ ఉంటుంది. రైలు, బస్సు డిపార్ట్ అవుతాయి, ఎప్పటికీ టేకాఫ్ కావు. శ్రీహరికోట నుంచి పోయే రాకెట్టుకు మళ్ళీ 'లిఫ్ట్ ఆఫ్' అంటారు, ఎందుకంటే అది పరుగెత్తదు, ఉన్నచోటు నుంచి నిటారుగా లేస్తుంది. లాంగ్‌జంప్ ఆడినవాళ్ళు ఉంటే గుర్తుండే ఉంటుంది, ఇసుక గుంతకు ముందు తెల్లగా ఉండే చెక్కను టేకాఫ్ బోర్డు అంటారు, పరుగెత్తి కాలు మోపి లేచే చోటు. పరుగు, ఆ మీద లేవడం, ఈ అర్థంలో టేక్ ఆఫ్‌కు ప్రాణం ఆ రెండే.

ఆ పరుగు గుర్తుంటే వ్యాపారం టేక్ ఆఫ్ కావడం కూడా అర్థమైపోతుంది. మా క్లాసు వీధి మలుపులో ఒకామె ఉగ్గాని బండి పెట్టింది. మొదట్లో గిన్నెడు బొరుగులు నానబెట్టేది, పది గంటలైనా సగం మిగిలేవి, వచ్చినవాళ్ళకు ప్లేటు నిండా పెట్టి పంపించేది. పక్కన హాస్టలు పడింది. ఇప్పుడు పొద్దున్నే బజ్జీలు నూనెలోంచి తీయడానికి ఒకరు, బొరుగులు పిండి తాలింపులో వేయడానికి ఒకరు, పుట్నాల పొడి చల్లి చేతికివ్వడానికి ఆమె, మిరపకాయ బజ్జీ కావాలంటే "ఆగప్పా, నీ ముందు ఎనిమిది మంది ఉండారు" అనే మాట. హర్ బిజినెస్ టుక్ ఆఫ్. తెలుగులో ఊపందుకుంది అంటాం, దశ తిరిగింది అంటాం, క్లిక్ అయింది అని కూడా అంటాం. పుంజుకుంది అని మాత్రం ఇక్కడ వాడకూడదు. పుంజుకోవడం అంటే ఒకసారి పడిపోయి తిరిగి లేవడం, వానల్లో పడిపోయిన గిరాకీ దసరాకు పుంజుకోవడం, దానికి ఇంగ్లీషులో 'పికప్' ఉంది. టేక్ ఆఫ్ మొదటిసారి లేవడానికి. ఉల్లిగడ్డ ధర, టమాటా ధర రాత్రికి రాత్రి పైకి పోతే 'షాట్ అప్' అంటే బాగుంటుంది, 'సోర్డ్' అని పేపర్ల వాళ్ళు రాస్తారు. సక్సీడ్ అని గైడులో ఉంటుంది, అది చప్పగా ఉంటుంది, ఆ ఊపు అందులో రాదు.

గ్రూప్స్ రాసేవాళ్ళు ఎకానమీలో ఈ మాట చదివే ఉంటారు. అమెరికా ఆర్థికవేత్త డబ్ల్యూ.డబ్ల్యూ. రోస్టో 1960లో ఆర్థికాభివృద్ధికి ఐదు దశలు చెప్పాడు, అందులో మూడోది టేకాఫ్. దానికి ముందు 'టేకాఫ్‌కు ముందస్తు పరిస్థితులు' అని ఇంకో దశ, అంటే రన్‌వే మీద పరుగన్నమాట. మన దేశానికి ఆ దశ 1952లో మొదలైందని ఆయన లెక్క. లెక్క సరైనదా కాదా అని ఎకానమీ సార్లు వాదించుకుంటారు, నాకు కావలసింది ఆయన విమానం నుంచి మాట తెచ్చుకున్నాడన్నదే.

ఇక నాకు బాగా ఇష్టమైనది. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడం. ప్రతి బ్యాచ్‌లో వెనక బెంచీ చివర ఒకడుంటాడు. ఎనిమిది దాటగానే వాడి నోట్సు మూతబడుతుంది, పెన్ను జేబులోకి పోతుంది, బ్యాగు పట్టీ ఒకటి భుజానికెక్కుతుంది, ఒక కాలు బెంచీ బయటకు వస్తుంది, మొహం మాత్రం భగవద్గీత వింటున్నట్టు పెడతాడు. నేను బోర్డు వైపు తిరిగి ఒక వాక్యం రాసి ఇటు తిరిగేసరికి ఆ చోట గాలి ఉంటుంది. హి టుక్ ఆఫ్. ఈ ఒక్క అర్థానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూస్తే మనవాళ్ళు ఈ పనిలో ఎంత ఆరితేరారో తెలుస్తుంది. వెనక బెంచీ వాడు చెక్కేశాడు. పెళ్ళిలో పని చెబుతారని బావ మెల్లగా జారుకున్నాడు. చీటీల డబ్బు పట్టుకుని ఒకాయన ఉడాయించాడు. పోలీసులు వచ్చేలోపు నిందితుడు పరారయ్యాడు. చిన్నపిల్లాడు జామకాయ చేతిలో పడగానే తుర్రుమన్నాడు. మీటింగులో ప్రశ్నలు మొదలయ్యేసరికి నాయకుడు పలాయనం చిత్తగించాడు. వీటిని ఒకదాని బదులు ఒకటి పెట్టి చూడండి, పిల్లాడు పరారయ్యాడు అంటే వాడి మీద కేసు పెట్టినట్టు ఉంటుంది, చీటీల ఆయన తుర్రుమన్నాడు అంటే పోయిన డబ్బు ముద్దొస్తుంది.

ఇంగ్లీషులో కూడా అంతే. జారుకున్న బావకు 'స్లిప్డ్ అవే', పరారైనవాడికి 'అబ్‌స్కాండెడ్', చీటీల డబ్బుతో పోయినవాడికి 'మేడ్ ఆఫ్ విత్ ది మనీ', భయపడి ఒక్క ఉదుటున పరుగెత్తితే 'బోల్టెడ్'. టేక్ ఆఫ్ వీటన్నిటి మధ్యలో కూర్చుంటుంది, చనువుగా మాట్లాడుకునేటప్పుడు బాగుంటుంది, హడావుడి ఉంటుంది గానీ నేరం ఉండదు. 'హి టుక్ ఆఫ్ ఎట్ ఫైవ్' అని ఆఫీసులో అంటే ఐదింటికి లేచి చక్కా పోయాడని. అదే వాక్యం లీవ్ లెటర్లో రాయకండి, అక్కడ 'లెఫ్ట్' చాలు. పక్కన 'ఆఫ్టర్' చేరితే మళ్ళీ మారుతుంది, 'టుక్ ఆఫ్ ఆఫ్టర్ ది థీఫ్' అంటే దొంగ వెంట పడ్డాడు.

జాన్సన్ చెప్పిన అనుకరణ అర్థం ఇప్పుడు బ్రిటన్ వాళ్ళ నోట్లోనే ఎక్కువ, అమెరికావాళ్ళు పెద్దగా అనరు. 'షి టేక్స్ ఆఫ్ ది ప్రిన్సిపాల్' అంటే ప్రిన్సిపాల్‌ను దింపేస్తుంది. దింపడం అన్న మన మాట దీనికి సరిగ్గా సరిపోతుంది, అచ్చం ఆయన గొంతు దింపేశాడు అంటాం కదా. నేరెళ్ళ వేణుమాధవ్ గారిలా కళగా చేసేదానికి మిమిక్రీ అనే మాటే ఉంది. టేక్ ఆఫ్‌లో కొంచెం వెక్కిరింత ఉంటుంది, స్టాఫ్ రూములో మాస్టారు వెళ్ళాక చేసేది.

మాటల వరస గురించి ఒక్కటి చెప్పి వదిలేస్తా, మార్కులు పోయేది ఇక్కడే కాబట్టి. తీసే వస్తువు పేరు చెబితే ముందైనా పెట్టొచ్చు, వెనకైనా పెట్టొచ్చు, 'టేక్ ఆఫ్ యువర్ హెల్మెట్', 'టేక్ యువర్ హెల్మెట్ ఆఫ్', రెండూ సరే. పేరు బదులు 'ఇట్', 'దెమ్' వచ్చిందా, మధ్యలోనే కూర్చోవాలి, 'టేక్ ఇట్ ఆఫ్'. 'టేక్ ఆఫ్ ఇట్' అని ఉన్న ఆప్షన్ కనిపిస్తే కళ్ళు మూసుకుని కొట్టేయండి. విమానం, వ్యాపారం, వెనక బెంచీ వాడు, వీళ్ళకు ఈ బాధ లేదు, వాళ్ళంతట వాళ్ళే లేస్తారు కాబట్టి మధ్యలో ఇరికించడానికి ఏమీ ఉండదు. రాతలో క్రియ అయితే రెండు మాటలు విడివిడిగా, నామవాచకం అయితే కలిపి గానీ మధ్యలో చిన్న గీత పెట్టి గానీ. 'ది ప్లేన్ టేకాఫ్స్' అని కలిపి రాస్తే స్పాటింగ్ ఎర్రర్స్‌లో అదే ఎర్రర్.

ఇది చదివినవాళ్ళకు ఒక వాక్యం ఇస్తున్నా, మా క్లాసులో కూడా ఇదే ఇచ్చా. 'హి టుక్ ఆఫ్ హిజ్ గ్లాసెస్, టుక్ ఆఫ్ ది మేనేజర్ సో వెల్ దట్ వుయ్ ఆల్ లాఫ్డ్, టుక్ ఫిఫ్టీ రుపీస్ ఆఫ్ మై బిల్ అండ్ టుక్ ఆఫ్ బిఫోర్ ది మేనేజర్ కేమ్ బ్యాక్.' ఎక్కడెక్కడ ఏ అర్థమో చూసుకుని, ప్రతి చోటా వేరే ఇంగ్లీష్ మాట పెట్టి రాయండి. మొదటిదీ మూడోదీ అందరూ రాసేశారు. రెండో చోట సగం మంది మేనేజర్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు.